రిటైరయ్యాక వైజాగ్ రావాలా వద్దా: సముద్రం కనిపించే ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు

మేడమ్, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు హైదరాబాద్‌లో ప్రభుత్వ స్కూల్ హెడ్మిస్ట్రెస్‌గా జూన్ ఆఖరుకి రిటైరవుతున్నారు. మీవారు ప్రైవేటు కంపెనీ ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివిన రోజుల నుంచీ ఆయనకి వైజాగ్ అంటే ప్రాణం. అందుకే హబ్సిగూడ ఫ్లాట్ అమ్మేసి, రుషికొండ వైపు పద్నాలుగో అంతస్తులో సముద్రం కనిపించే ఫ్లాట్ కొందామంటున్నారు. మీ పుట్టిల్లు వరంగల్, అక్కచెల్లెళ్లంతా హైదరాబాద్‌లోనే, అబ్బాయి అమెరికాలో, అమ్మాయి బెంగళూరులో. మీకు మోకాళ్ల నొప్పులు, ఆయనకి బీపీ, గుండెలో ఒక స్టెంటు. వెళ్లాలా వద్దా, వెళితే ఎక్కడ కొనాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. రండి, ఊరు మంచిది. కానీ హైదరాబాద్ ఫ్లాట్ ఇప్పుడే అమ్మొద్దు, ఇక్కడ ఇప్పుడే కొనొద్దు, ఒక పూర్తి సంవత్సరం అద్దెకి ఉండి చూడండి. ఆ పద్నాలుగో అంతస్తు మాత్రం మీకు సరిపడదు, ఎందుకో కింద వివరంగా రాస్తాను. నేను సివిల్ ఇంజినీర్‌ని, ఉద్యోగమంతా ఈ ఊళ్లో బిల్డింగుల మీదే గడిచింది, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉన్నాను. ఎవరైనా పాత అపార్ట్‌మెంట్ కొనబోతూ పిలిస్తే వెళ్లి పిల్లర్లు, స్లాబులు చూసి ఉన్నదున్నట్టు చెప్తుంటాను. అలా పిలిచేవాళ్లలో చాలామంది మీలాంటి వాళ్లే, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం పూర్తిచేసుకుని సముద్రం పక్కకి రావాలనుకునేవాళ్లు.

ఊరు మారదామనుకునేటప్పుడు అందరూ ఇద్దరినీ కలిపే ఊహించుకుంటారు. పొద్దున్నే బీచ్ రోడ్డులో ఇద్దరూ నడుస్తారు, సాయంత్రం బాల్కనీలో ఇద్దరూ కూర్చుని టీ తాగుతారు. నేను మాత్రం ఏ జంట వచ్చినా వేరే మాట అడుగుతాను. వినడానికి కటువుగా ఉంటుంది, మన ఇళ్లలో అలాంటి మాట ఎత్తడమే అపశకునం అంటారు, అయినా అడుగుతాను: మీ ఇద్దరిలో ఒకరు వెళ్లిపోయాక మిగిలినవాళ్లు ఈ ఇంట్లో, ఈ వీధిలో, డెబ్బై ఎనిమిదో ఏట ఒంటరిగా ఉండగలరా? ఆసుపత్రి, లిఫ్టు, కరెంటు, నీళ్లు, ఇరుగుపొరుగు, ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, పిల్లలు రావాలంటే ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి. సముద్రం ఎంత బాగా కనిపిస్తుందన్నది అందులో లేదు.

మీ విషయంలో ఇది ఇంకాస్త గట్టిగా అడగాలి. మీవారికి ఇక్కడ కాలేజీ స్నేహితులున్నారు, వీధులు తెలుసు. ఆయన ఒక్కరే మిగిలినా పొద్దున పలకరించే మనుషులు ఉంటారు. మీరు మిగిలితే? మీకంటూ ఇక్కడ ఇప్పటికి ఎవరూ లేరు, మీ మనుషులంతా హైదరాబాద్‌లో ఉన్నారు. అందుకే ఆ అద్దె సంవత్సరంలో చూసుకోవాల్సింది ఊరు ఎంత అందంగా ఉందని కాదు, మీవారితో సంబంధం లేకుండా మీకు మీరుగా ఓ నలుగురు దగ్గరయ్యారా అని. టీచర్ కాబట్టి మీకు అది కష్టమేమీ కాదనుకుంటాను. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది, కళాభారతిలో కచేరీలు, నాటకాలు నడుస్తూ ఉంటాయి, ప్రతి కాలనీలోనూ వాకింగ్ చేసేవాళ్ల బృందం ఒకటి, విష్ణుసహస్రనామం చదివే బృందం ఒకటి ఉంటాయి. మార్గశిరం వస్తే బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వీధి వీధంతా కలిసి వెళ్తుంది. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, మీ మోకాళ్లకి అది వద్దు గానీ, దారి పొడవునా మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పంచేవాళ్లలో చేరొచ్చు, పరిచయాలు అలాగే మొదలవుతాయి.

ఇక రుషికొండ ఫ్లాట్ గురించి. మీవారి మనసులో ఉన్నది పాత వాల్తేరు, ఎత్తుపల్లాల రోడ్లు, చెట్లు, సాయంత్రం యూనివర్సిటీ నుంచి బీచ్‌కి నడిచి దిగిపోయే ఊరు. రుషికొండ అది కాదు. మధురవాడ, రుషికొండ వైపు ఇప్పుడు ఐటీ కంపెనీలు, కాలేజీలు, పెద్ద పెద్ద టవర్లు వచ్చాయి. 2025 అక్టోబర్‌లో గూగుల్ ఈ ఊళ్లో డేటా సెంటర్ పెడతామని ప్రకటించిన దగ్గర్నుంచి ఫ్లాట్లు అమ్మేవాళ్ల నోట ధర రోజుకోలా వినిపిస్తోంది. అక్కడి సముద్రం వైపు టవర్లలో చాలా ఫ్లాట్లు విదేశాల్లో ఉన్నవాళ్లు, వేరే ఊళ్లవాళ్లు కొని తాళాలు వేసుకున్నవి. ఏజెంటు మిమ్మల్ని పొద్దున పదింటికి తీసుకెళ్తాడు, ఎండలో సముద్రం మెరుస్తుంటుంది. మీరు మళ్లీ రాత్రి ఎనిమిదింటికి వెళ్లి కింద నిలబడి ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. పండగ రోజులు కాకుండా మామూలు మంగళవారమో బుధవారమో వెళ్లండి. మీ అంతస్తులో నాలుగు ఫ్లాట్లుండి మూడింట్లో చీకటి ఉంటే, రాత్రి రెండింటికి మీవారికి గుండెలో నొప్పి వస్తే తలుపు తట్టడానికి మీకు ఎవరూ లేరన్నమాట.

ఆసుపత్రుల విషయంలో వైజాగ్ నిజంగా బాగుంటుంది, చాలా తీరప్రాంత ఊళ్లకి లేని సౌకర్యం ఇది. పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది, హనుమంతవాక దగ్గర ఇంకో ప్రభుత్వాసుపత్రి విమ్స్, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి, ఆరిలోవ హెల్త్ సిటీలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు పక్కపక్కనే ఉన్నాయి, క్యాన్సర్‌కి అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. కానీ ఆసుపత్రి ఊళ్లో ఉండటం వేరు, మీ గుమ్మం నుంచి ఎంతసేపట్లో చేరతారన్నది వేరు. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, అందులో స్కాన్ తీసే సమయం కూడా కలిసే ఉంటుంది. గుండెపోటు అయితే ప్రతి నిమిషమూ లెక్కే. అద్దెకి వచ్చిన మొదటి వారంలోనే ఒక పని చేయండి: సాయంత్రం ఆరున్నరకి ఆటో ఎక్కి, మీ ఇంటి నుంచి స్టెంటు చూసే డాక్టరున్న ఆసుపత్రి ఎమర్జెన్సీ గేటు దాకా వెళ్లి టైం చూసుకోండి. శని, ఆదివారాల్లో బీచ్ రోడ్డు, రుషికొండ రోడ్డు ఎలా నిండిపోతాయో కూడా చూడండి.

మీకు ప్రత్యేకంగా ఇంకో మాట. మీది తెలంగాణ ప్రభుత్వ పెన్షన్, హెల్త్ కార్డు కూడా అక్కడిదే. పెన్షన్ బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి దానికి ఊరు మారినా ఇబ్బంది లేదు. హెల్త్ కార్డు సంగతి అలా కాదు, ఆ కార్డు ఒప్పందంలో ఉన్న ఆసుపత్రులు ఏవన్నది ముఖ్యం. మీరు వెళ్లాలనుకునే వైజాగ్ ఆసుపత్రి బిల్లింగ్ డెస్క్ దగ్గరికే వెళ్లి, కార్డు చూపించి, ఇది తీసుకుంటారా అని అడగండి, ఫోన్లో వద్దు. తీసుకోమంటే మీ ఇద్దరికీ ప్రైవేటు ఆరోగ్య బీమా తప్పదు. ముందే ఉన్న జబ్బులకి ఆ పాలసీల్లో మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, స్టెంటు సంగతి, బీపీ సంగతి దాచకుండా రాసి ఇప్పుడే మొదలుపెట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, కాస్త ఊరట. డెబ్బై దాటాక కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ కార్డుతో ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంటుంది, అప్పటికి ఆధార్‌లో చిరునామా ఎక్కడుందో చూసుకోండి.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన సంగతి. ఉప్పుగాలి. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకి ఇది అస్సలు తెలియదు, ఎందుకంటే అక్కడ ఇల్లు పాతబడటం చాలా నెమ్మదిగా జరుగుతుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో ఏసీ బయటి యూనిట్ కాయిల్‌ని ఆ గాలి కొన్నేళ్లకే తినేస్తుంది, కిటికీ గ్రిల్లు ఏటా రంగు వేసినా తుప్పు పొంగుకొస్తుంది, తలుపు బందులు బిగిసిపోతాయి, స్విచ్చు బోర్డుల్లో మరలు పచ్చబడతాయి, కారు కింది భాగం తుప్పు తింటుంది. వీటికి డబ్బు ఖర్చవుతుంది గానీ ప్రమాదం లేదు. ప్రమాదం కాంక్రీటు లోపల ఉంది. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప చువ్వల్ని చేరుతుంది, చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే చుట్టూ ఉన్న కాంక్రీటు చీలి పెచ్చులుగా ఊడిపడుతుంది. సన్‌షేడ్లు, బాల్కనీ అడుగు, బాత్రూం కింది స్లాబు, స్టిల్ట్‌లో, అంటే కింద కార్లు పెట్టుకునే అంతస్తులో, పిల్లర్ల మొదళ్లు, ఇవి మొదట పోతాయి.

దీనికి లెక్క ఉంది. ఐఎస్ 456 అనే మన కాంక్రీటు ప్రమాణం ప్రకారం తీర వాతావరణానికి తెరుచుకుని ఉన్న కట్టడానికి కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు (అంకె పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ), చువ్వల మీద 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు కవరింగు ఉండాలి. సముద్రపు తుంపర నేరుగా పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. కొత్త ఫ్లాట్ అయితే బిల్డర్ని స్ట్రక్చరల్ డ్రాయింగు అడగండి, అందులో రాసుంటుంది. డ్రాయింగు ఇవ్వడానికి తటపటాయించే బిల్డర్ దగ్గర కొనొద్దని నేను ఎవరికైనా చెప్తాను. పాత ఫ్లాట్ అయితే రంగు చూసి మోసపోకండి, కొత్త రంగు వేసి అమ్మకానికి పెట్టడం మామూలే. స్టిల్ట్‌లోకి దిగి టార్చి వేసి పిల్లర్ల మూలల్లో నిలువు పగుళ్లు, ఎర్రటి మరకలు, ఈమధ్యే సిమెంటు పూసిన అతుకులు ఉన్నాయేమో చూడండి. పగులు చువ్వ దారినే నిలువుగా నడుస్తుంటే లోపల తుప్పు మొదలైనట్టే. మేడ మీద నీళ్ల ట్యాంకు కింద కూడా చూడండి, అక్కడ ఎవరూ రంగు వేయరు కాబట్టి నిజం కనిపిస్తుంది. అసోసియేషన్ దగ్గర కార్పస్, అంటే రిపేర్లకి దాచిన నిధి, ఎంతుందో, చివరిసారి రిపేర్లు ఎప్పుడు చేయించారో అడగండి. తీరం నుంచి లోపలికి జరిగేకొద్దీ గాలిలో ఉప్పు బాగా తగ్గుతుంది, మధ్యలో ఇళ్ల వరుసలు, చెట్లు, చిన్న గుట్ట అడ్డముంటే ఇంకా తగ్గుతుంది. అందుకే నేను చెప్పేది, ఇల్లు సముద్రానికి రెండు మూడు కిలోమీటర్లు లోపల, నడక మాత్రం సముద్రం పక్కన. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపేస్తారు, ఆ సమయానికి ఆటోలో వెళ్లి గంట నడిచి రావచ్చు. సముద్రం రోజూ మీదే, రిపేరు మాత్రం మీది కాదు.

బాల్కనీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీవారు డబ్బు పెడుతున్నది దానికే. సముద్రం వైపు కిటికీలు తెరిచి ఉంచితే సాయంత్రానికి కుర్చీలు, టీవీ, పుస్తకాలు అన్నిటి మీదా జిడ్డుగా తడి పొర. అది తట్టుకోలేక నెమ్మదిగా కిటికీలు మూసేసి ఏసీ వేసుకుంటారు. అద్దం వెనక నుంచి చూసే సముద్రం కొన్నాళ్లకి గోడ మీద బొమ్మలా అయిపోతుంది, దాన్ని చూడటం మానేసినవాళ్ల ఇళ్లకి నేను రిపేర్లు చూడటానికి వెళ్తూనే ఉంటాను.

తుపానులు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. ఊళ్లో చెట్టన్నది మిగల్లేదు, విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, సముద్రం వైపు ఫ్లాట్లలో కిటికీలు ఫ్రేములతో సహా ఊడి లోపలికి వచ్చి పడ్డాయి. గాలి ఒక్క రోజులో పోయింది, కష్టం ఆ తర్వాత మొదలైంది: రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేక మోటార్లు లేవు, మోటార్లు లేక నీళ్లు లేవు, ఫోన్లు పనిచేయవు, పాల ప్యాకెట్ కోసం, పెట్రోలు కోసం బారులు. జనరేటరున్న అపార్ట్‌మెంట్లలో కూడా డీజిల్ దొరక్క లిఫ్టులు ఆగిపోయాయి. పై అంతస్తుల్లో ఉన్న పెద్దవాళ్లు కిందికి దిగలేక, దిగితే ఎక్కలేక ఎంత అవస్థ పడ్డారో చూసినవాణ్ని కాబట్టి మోకాళ్ల నొప్పులున్న మనిషికి పద్నాలుగో అంతస్తు వద్దని అంత గట్టిగా అంటున్నాను. అలాంటి తుపాను మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, 2025 అక్టోబర్ 28న మొంథా తుపాను కాకినాడకి దక్షిణంగా, నర్సాపురం దగ్గర తీరం దాటింది, ఇక్కడ వానలు, గాలులతో సరిపోయింది. అక్టోబర్, నవంబర్ నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వస్తే ఇక్కడివాళ్లు కొవ్వొత్తులు, మందులు, బిస్కెట్లు తెచ్చి పెట్టుకుని, పంపు తిరుగుతుండగానే బకెట్లన్నీ నింపుకుంటారు. మీరూ అది అలవాటు చేసుకోవాలి, అంతే. ఇల్లు రెండు లేక మూడో అంతస్తులో ఉండాలి, లిఫ్టు ఆగినా మెట్ల మీద ఆగి ఆగి దిగగలిగినంత ఎత్తు, వాననీరు చేరనంత ఎత్తు.

ఎండాకాలం గురించి టూరిస్టుగా వచ్చినవాళ్లెవరికీ తెలియదు, ఎందుకంటే అందరూ డిసెంబర్‌లో వస్తారు, అరకు చూసి, కైలాసగిరి ఎక్కి, ఊరు మీద ప్రేమ పెంచుకుని వెళ్తారు. మే నెలలో రండి. థర్మామీటర్ హైదరాబాద్ కంటే తక్కువే చూపిస్తుంది, కానీ చెమట ఆరదు. హైదరాబాద్‌లో నీడలోకి వస్తే ప్రాణం లేచొస్తుంది, ఇక్కడ నీడలో కూడా ఉక్కపోత. రాత్రుళ్లు కూడా చల్లబడదు. బీపీ మాత్రలు, అందులోనూ నీరు తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ చెమటతో సోడియం పడిపోయి కళ్లు తిరగడం ఉంటుంది, మీవారి కార్డియాలజిస్టుని ఊరు మారే సంగతి చెప్పి మందుల విషయం ముందే అడగండి.

నీళ్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. పాత కాలనీల్లో జీవీఎంసీ (ఇక్కడి నగరపాలక సంస్థ) కుళాయి రోజూ కాసేపు వస్తుంది. కొత్తగా పెరిగిన వైపు చాలా అపార్ట్‌మెంట్లు బోర్లు, ట్యాంకర్ల మీద నడుస్తాయి, తీరం పక్కన బోరు నీళ్లు ఉప్పగా మారతాయి కూడా. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ బిల్లు చూపించమనండి, ట్యాంకర్ల ఖర్చు అందులో కనిపిస్తుంది.

మరి ఎక్కడ ఉండాలి? మీకైతే ఎంవీపీ కాలనీ. నేల చదునుగా ఉంటుంది, సెక్టార్లుగా విడదీసిన వీధులు, రైతుబజారు నడిచివెళ్లే దూరం, బీచ్ దగ్గర, హనుమంతవాక ఆసుపత్రులు దగ్గర, పైగా అక్కడ ఇళ్లల్లో మనుషులున్నారు, ముఖ్యంగా మన వయసువాళ్లున్నారు. పాత అపార్ట్‌మెంట్లు ఎక్కువ కాబట్టి నేను పైన చెప్పిన పిల్లర్ల పరీక్ష తప్పదు. లాసన్స్ బే బాగుంటుంది గానీ ఖరీదు ఎక్కువ, ఉప్పు ఎక్కువ. సీతమ్మధార మంచి కాలనీ, అన్నీ అందుబాటులో ఉంటాయి, కొన్ని వీధులు మాత్రం ఎత్తుపల్లాలు, మోకాళ్లతో జాగ్రత్త. కిర్లంపూడి, పాండురంగాపురం వైపు మీవారి పాత వాల్తేరు ఇంకా కొంత మిగిలి ఉంది, అద్దెకి దొరికితే ఆ సంవత్సరం అక్కడే ఉండండి, ఆయన ముచ్చట తీరుతుంది. మధురవాడ, పీఎం పాలెం చవగ్గా, కొత్తగా ఉంటాయి, పనిచేసే వయసువాళ్లకి సరిపోతాయి. హైవే దాటడం పెద్దవాళ్లకి పరీక్షే.

గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురం, పాత పోస్టాఫీసు వైపు నేను ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకి ఎప్పుడూ వద్దనే చెప్తాను. ఈ ఊరు ఒకవైపు యారాడ కొండ, మరోవైపు కైలాసగిరి, మధ్యలో గిన్నెలా ఉంటుంది, పోర్టు బొగ్గు దుమ్ము, ఫ్యాక్టరీల పొగ చలికాలంలో ఆ గిన్నెలోనే నిలిచిపోతాయి. దేశంలో గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల కేంద్ర జాబితాలో విశాఖ కూడా ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు, ఫ్యాక్టరీ గోడ పక్కన ఇళ్లు ఎలా వచ్చాయో ఆ రోజు దేశమంతా చూసింది. సముద్రం ఉన్న ఊరు కదా గాలి స్వచ్ఛంగా ఉంటుందని అనుకోవద్దు, కొనబోయే ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల చుట్టూ ఏ ఫ్యాక్టరీలు, ఏ ట్యాంకులు ఉన్నాయో మ్యాప్‌లో చూసుకోండి. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైనవాళ్లు కూర్మన్నపాలెం వైపు హాయిగానే ఉన్నారు, వాళ్ల మనుషులంతా అక్కడే ఉన్నారు కాబట్టి. మీకు ఆ కారణం లేదు.

కాకినాడ, భీమిలి గురించి కూడా ఒక లైనులో అడిగారు. కాకినాడని ఊరికే పెన్షనర్స్ పారడైజ్ అనలేదు, చదునైన ఊరు, గళ్ల పలకలా వేసిన తిన్నని రోడ్లు, ఖర్చు తక్కువ, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, రంగరాయ మెడికల్ కాలేజీ ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో బంధువులుంటే నేను ముందు కాకినాడే చెప్పేవాణ్ని. మీకు అక్కడ ఎవరూ లేరు, విమానం కావాలంటే రాజమండ్రి పోవాలి, చాలా రైళ్లకి సామర్లకోట వెళ్లాలి. భీమిలి అందం వేరు, కానీ గుండెకి స్టెంటున్న మనిషి పెద్దాసుపత్రికి అంత దూరంలో ఉండకూడదు.

పిల్లల సంగతి. హైదరాబాద్ నుంచి ఇక్కడికి సుమారు 700 కిలోమీటర్లు, వందేభారత్‌లో ఎనిమిదిన్నర గంటలు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి, విమానంలో గంట పైచిలుకు. సంక్రాంతి, దసరాలకి టికెట్లు దొరకవు. రైల్లో సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, ఆ లెక్క వేసుకోవద్దు. కొత్త భోగాపురం విమానాశ్రయం నగరానికి 40 కిలోమీటర్ల పైనే ఉంటుంది కాబట్టి ఇంటి నుంచి విమానానికి పట్టే సమయం అక్కడి దూరంతోనే లెక్కేయండి. మీ అక్కచెల్లెళ్లు పెళ్లిళ్లకి, పూజలకి పిలిచినప్పుడల్లా వెళ్లగలరా, వెళ్లకపోతే మీకు మనసులో ఎలా ఉంటుంది, ఇది మీవారు ఊహించలేరు, మీరే చెప్పాలి ఆయనకి. అమెరికాలో ఉన్న అబ్బాయికి మీరు హైదరాబాద్‌లో ఉన్నా వైజాగ్‌లో ఉన్నా దూరం దాదాపు ఒకటే. బెంగళూరు అమ్మాయినే అడగండి, అర్ధరాత్రి ఫోన్ వస్తే బయల్దేరాల్సింది ఆ అమ్మాయే.

డబ్బు విషయం త్వరగా చెప్తాను. ఆంధ్రలో రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం. 80 లక్షల ఫ్లాట్‌కి 6 లక్షలు అక్కడే పోతాయి. కట్టడం పూర్తి కాని ఫ్లాట్ అయితే జీఎస్టీ 5 శాతం అదనం, పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చినదానికి ఉండదు. నచ్చక రెండేళ్లకి వెనక్కి వెళ్లాలంటే ఆ డబ్బు తిరిగి రాదు, హైదరాబాద్‌లో అమ్మిన ఫ్లాట్ లాంటిది అదే ధరకి దొరకదు. ఒక సంవత్సరం అద్దె దీంట్లో ఎన్నో వంతో మీరే చూసుకోండి. పైగా హబ్సిగూడ ఫ్లాట్ అద్దెకిస్తే ఇక్కడి అద్దె దాదాపు అందులోనే వెళ్లిపోతుంది. చివరికి అమ్మినా తొందర లేదు, అమ్మిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొంటే ఆ లాభం మీద పన్ను మినహాయింపు దొరుకుతుంది, రిటర్ను వేసే గడువులోపు డబ్బు క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి. కొన్నప్పుడు ఇద్దరి పేరు మీదా రిజిస్టర్ చేయించండి, ఇద్దరూ విల్లు రాయండి, మీ పెన్షన్‌లో కుటుంబ పెన్షన్‌కి ఆయన పేరు నమోదై ఉందో చూడండి. మీ తర్వాత ఆయనకి వచ్చేది మీ పూర్తి పెన్షన్ కాదు, అంతకంటే తక్కువ, ఆ మొత్తంతో ఆయన ఇంటి మెయింటెనెన్స్ కట్టుకోగలరా అన్నది కూడా లెక్కలోకి రావాలి.

భూమి పత్రాల విషయంలో ఈ ఊళ్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది సింహాచలం దేవస్థానం పంచగ్రామాలు. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి. వీటిలో ఏళ్ల తరబడి దేవస్థానం భూముల వివాదం ఉంది. ధర చవగ్గా ఉందని ఎవరైనా చెప్తే ముందు సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. తీరానికి 500 మీటర్లలోపు అయితే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) అనుమతి, ఎక్కడైనా జీవీఎంసీ లేదా వీఎంఆర్‌డీఏ (ఇక్కడి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లాను, కొత్తదైతే రెరా నంబరు, ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపించే పత్రం), లింకు డాక్యుమెంట్లు చూసుకోండి. అమ్మేవాళ్లు చూపించే లాయరు కాకుండా మీకు మీరుగా ఒక లాయరుని పెట్టుకోండి.

ఇక ఎప్పుడు రావాలి. జూన్‌లో రిటైరయ్యాక ఆ బెనిఫిట్ల పని చూసుకుని సెప్టెంబర్ కల్లా వచ్చేయండి. అక్టోబర్, నవంబర్ వానలు, తుపాను భయం ఇక్కడే చూస్తారు, చలికాలం ఎలాగూ హాయిగా గడుస్తుంది, మే, జూన్ ఉక్కపోత అయ్యేదాకా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, చేపల కోసమే వైజాగ్ అంటున్న మీవారికి ఆ రెండు నెలలూ తాజా వంజరం దొరకడం కష్టం, ఇది కూడా తెలియాలి. ఇక్కడ ఆధార్ చిరునామా మార్చుకుంటే మీకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఇస్తున్నారు. కాకపోతే హెల్త్ కార్డు సంగతి తేలేదాకా చిరునామా మార్చొద్దు. మధ్యలో ఒకసారి, ఓ పది రోజులు మీవారిని హైదరాబాద్ పంపించి మీరు ఒక్కరే ఆ ఇంట్లో ఉండండి. పాలు, కూరగాయలు, గ్యాసు, డాక్టరు, బ్యాంకు, అన్నీ మీరే చూసుకోండి. తర్వాత మీరు వెళ్లి ఆయన్ని ఒక్కర్నే ఉంచండి, వంటతో సహా.

ఆ రుషికొండ ఫ్లాట్‌కి మీవారు టోకెన్ ఇచ్చేశారా, ఇంకా మాటల్లోనే ఉందా? ఇచ్చేసి ఉంటే ఆ రసీదు మీద తిరిగి ఇచ్చే షరతులు ఏం రాశారో ఇక్కడ పెట్టండి. ఎంవీపీలో ఏదైనా పాత ఫ్లాట్ నచ్చితే స్టిల్ట్ పిల్లర్ల మొదళ్లు, సన్‌షేడ్ల అడుగు, ట్యాంకు కింది స్లాబు ఫోటోలు పగటి వెలుతురులో దగ్గరగా తీసి పెట్టండి, చూసి చెప్తాను.